బావ అరికాళ్ళకు తెలియని నేల

రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాడే మొనగాడని నేను గట్టిగా నమ్మిన రోజులవి. శ్రీకాకుళంలో సెల్‌ఫోన్ల షాపులో కొత్తగా చేరాను. ఆదివారం వస్తే చాలు, నరసన్నపేటలో అక్కావాళ్ళింటికి పరుగు. తను వండే చేపల పులుసు కోసమే వస్తున్నానని అక్క అనుకునేది (అదీ ఒక కారణమే, కాదనను). అసలు కారణం మా బావ. ఆయన ట్రాక్టర్ల మెకానిక్కు. మూరెడు పొడవుండే రిమోటు రేసు కారొకటి ఇద్దరం కలిసి కొనుక్కున్నాం. నడపడం నా వంతు, నేలకి తగ్గట్టు దాన్ని సిద్ధం చెయ్యడం బావ వంతు.

నూర్పులైపోయిన కళ్ళాల్లో పందేలు పెట్టుకునేవాళ్ళం. ధాన్యం పోసే చోటు కదా, కళ్ళంలోకి చెప్పులతో వెళ్ళకూడదు. బావ గట్టు మీద చెప్పులు విడిచి, నేలని తాకి కళ్ళకద్దుకుని ఓ చుట్టు నెమ్మదిగా నడిచేవాడు. "ఇక్కడ మెత్తగున్నాది, ముళ్ళ టైర్లెయ్యి" అనో, "గట్టిగున్నాది, నున్న టైర్లు సాలు" అనో తేల్చేవాడు. ముళ్ళ టైరు మెత్తటి మట్టిని పట్టుకుంటుంది, గట్టి నేల మీద జారిపోతుంది. ఆయన మాట ఒక్కసారీ తప్పలేదు. ఇంటర్నెట్లో చదివొచ్చి నేనేదో చెప్పబోతే, "నీ ఫోను నేల మీద నడిసిందేటిరా" అని నోరు మూయించేవాడు.

ఆ ఏడు కళ్ళాలు ముగిశాక ఏడెనిమిది నెలలు పందేల్లేవు. అలా ఉండగా విశాఖపట్నంలో పెద్ద పందెం. ఇదంతా పిల్లలాటని మొదట్నుంచీ దెప్పే అక్క, మొదటిసారి చూడ్డానికి బయల్దేరింది. "ఈ రోజు మీ అక్క సూస్తాదిరా" అంటూ బావ కొత్త చొక్కా తొడిగాడు. అక్కడ అందరూ బూట్లేసుకున్న కుర్రాళ్ళు. బావ ట్రాకు అంచున చెప్పులు విడిచి, నేలని తాకి కళ్ళకద్దుకుంటుంటే, ఈయనెవరో నాకు తెలీదన్నట్టు నేను ఆకాశం చూశాను. ఒక చుట్టు నడిచాడు. ఎప్పుడూ లేంది, రెండో చుట్టూ నడిచాడు. చివరికి "మెత్తగానే ఉన్నాదిరా" అన్నాడు. ముళ్ళ టైర్లు బిగించాం.

మొదటి మలుపులోనే కారు జారి, మూడు పల్టీలు కొట్టి, జనం కోసం పెట్టిన మజ్జిగ బకెట్లో పడింది. అందరూ నవ్వారు. అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నేల రాయిలాగున్నాది. నీ కాళ్ళకి ఆమాత్రం తెలీలేదేటి బావా?" అని అందరి ముందూ అరిచాను. బావ గొంతుక్కూర్చుని కారుకంటిన మజ్జిగ తుడిచాడు.

సాయంత్రం నరసన్నపేటలో బస్సు దిగాం. నాలుగడుగులు వేశాక అక్క ఆగింది. "ఏటండీ, ఎడం కాలికి సెప్పు లేదేటి?"

"ఉన్నాది కదే" అన్నాడు బావ, కిందికి చూడకుండానే.

లేదు. బస్సులోనో, దిగేటప్పుడో జారిపోయింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అక్క నవ్వలేదు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూసింది. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది. రక్తం కారుతోంది. ఆయనకి తెలీనే లేదు.

మర్నాడు ఆస్పత్రిలో, షుగరు వల్ల కాళ్ళు మొద్దుబారాయని డాక్టరు చెప్పాక, అక్క బయటికెళ్ళడం చూసి బావ నాతో మెల్లిగా అన్నాడు. "ఆర్నెల్లై నేలంతా దూదిలాగే ఉన్నాదిరా. సెప్తే నన్నొగ్గేసి పందేనికెల్తావని సెప్పలేదు." ఆ పుండు మానలేదు. ముందు వేళ్ళు తీశారు, తర్వాత పాదం. రెండేళ్ళకి బావే పోయాడు. అందరి ముందూ నేనన్న ఆ మాటకి క్షమించమని అడగలేదు. అడుగుదాంలే, అడుగుదాంలే అనుకుంటూ ఉండిపోయాను.

ఆ కారు ఇప్పుడు అక్క బీరువా మీద ఉంటుంది. దుమ్ము తుడుస్తుంది గానీ ఎవరికీ ఇవ్వదు.

మొన్న విజయనగరంలో పందెం జరిగితే నా సొంత కారుతో వెళ్ళాను. ట్రాకు అంచున బూట్లు, సాక్సులు విప్పాను (పొట్ట అడ్డం, కాస్త సమయం పట్టింది). నేల తాకి కళ్ళకద్దుకుంటుంటే పోటీ నడిపే అమ్మాయి, "సార్, ఇది గుడి కాదండి" అంది. నవ్వి నడిచాను. సగం చుట్టులో కంకర రాయొకటి కసుక్కున గుచ్చుకుంది. ప్రాణం జివ్వుమంది. ఈ నొప్పి ఆ రోజు బావకి తెలిసుంటే ఎంత బాగుండేదో అనుకుంటూ అక్కడే ఒంటికాలి మీద నిలబడిపోయాను.

"గట్టిగున్నాది బావా" అన్నాను పైకే.

ఫోను మాట్లాడుతున్నాననుకుని ఆ అమ్మాయి పక్కకి తప్పుకుంది.