నల్లమందు అనుమానం

రెండో కాన్పు అయిన పదో రోజున జ్వరం తగిలి నాకు పాలు ఎండిపోయాయి. మా చింతకి ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలు అవి. డబ్బాపాలు మా ఊళ్లో ఎవరూ ఎరగరు. మేకపాలు పోస్తే పిల్ల కక్కేసేది. చివరికి మా అత్త వెళ్లి పక్కింటామెను పిలుచుకొచ్చింది. ఆమె ఒళ్లోనూ చంటిపిల్లాడే. పొలం పని మానుకుని మరీ వచ్చి నా బిడ్డకు పాలిచ్చేది.

ఇంకొకరైతే ఆమె కాళ్లకు దండం పెట్టేవారు. నేనేమో మంచం మీంచి కన్నార్పకుండా కాపలా కాసేదాన్ని. ఊరికే ఎవరిస్తారు? అందులోనూ మాకు?

ముందటేడు వానల్లో ఆమె పెద్దకొడుక్కి జ్వరమొస్తే, ఔరాద్ దవాఖానకు పోవడానికి మా బండి అడిగింది. బురదలో బండి పాడవుతుందని నేనే, “ఎద్దు కుంటుతాంది చెల్లె” అన్నాను. పిల్లాణ్ణి భుజాన వేసుకుని నడిచారు. దారిలోనే పోయాడు.

ఒకరోజు నా బిడ్డ పొద్దున పాలు తాగి పడుకుని మధ్యాహ్నమైనా లేవలేదు. కూలికి పోయే తల్లులు పిల్లలు ఏడవకుండా నల్లమందు నాకించడం మా వైపు మామూలే. రొమ్ముకు రాసుకొచ్చి పగ తీర్చుకుంటోందనుకున్నాను. ఆమె రాగానే వేన్నీళ్ల చెంబు ముందు పెట్టాను.

“కడుక్కో. నా ముంగటనే కడుక్కో.”

కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని పిల్లనెత్తుకుంది.

“కడుపు నిండితే పిల్లలు పండుకుంటరక్కా. పొద్దుగాల నావోనికి గంజి పట్టి, రెండు దిక్కులా దీనికే ఇచ్చిన.”

సిగ్గుతో చచ్చిపోయాను. నోరు ఆగలేదు.

“ఆనాడు ఎద్దు కుంటలేకుండె,” అన్నాను.

“ఎరుకే. తెల్లారి నాగలికి కట్టిండ్రు గద.”

“ఎరికుండి ఎట్లొస్తున్నవే?”

“మీ అత్త నా గడపల నిలబడ్డది. లేదనిపిచ్చుకునుడు ఎట్లుంటదో నాకెరుకే గదక్కా.”

గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే, పాడు బుద్ధి, ఆ ఏడుపులోనే ఒకసారి ఇటు తిరిగి, పిల్ల ఊపిరి పీలుస్తోందా లేదా అని చూశాను.