అక్క సంతకం

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ఉద్యోగంలో ఉండగా తండ్రి పోతే పెళ్లయిన కూతురికి కూడా ఆ ఉద్యోగం అడిగే హక్కు ఉందని కోర్టు చెప్పినట్టు లోపలి పేజీలో నాలుగు వరుసల వార్త కనిపించింది. ఓరి భగవంతుడా, ఈ నాలుగు వరుసలకి మన దేశానికి ఇన్నేళ్లు పట్టిందా అనుకుని కప్పు పక్కన పెట్టేశాను.

పంతొమ్మిది వందల తొంభైలో, మేము భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన సెక్టర్ 7 క్వార్టర్లో ఉండగా, నాన్న గుండె ఆగి పోయారు. ఇంట్లో చదువున్నది అక్కకే, బీకాం పాసై టైపు హయ్యరు కూడా గట్టెక్కింది; నేనా, ఇరవై నాలుగేళ్లొచ్చినా ఇంటర్ గండం దాటక సుపేలా బజారులో బలాదూరు తిరిగేవాణ్ణి. అందుకని నాన్న ఉద్యోగానికి అక్కే దరఖాస్తు పెట్టింది. అది వస్తేనే మాకు క్వార్టరు, అమ్మకు మందులు. అవన్నీ అటుంచి, తన పేరున్న గేట్ పాసు చూపించి ఫ్యాక్టరీలోకి నడవాలని అక్కకు మహా కోరికగా ఉండేది.

అంతలో సిక్కోలు నుంచి పెదనాన్న దిగారు. ఇంటి పెద్ద పోతే ఏడాది తిరిగేలోపే ఆడపిల్ల పెళ్లి చేసెయ్యాలని మావైపు పట్టింపు. "ఏడాది దాటితే మరి మూడేళ్లు ఆగాల, పిల్లకి వయసు ఆగతాదేటి?" అని ఆయన పట్టుబట్టడం, అమ్మ ఏడుస్తూ తలూపడం, దగ్గర్లోనే నందిని అనే ఊళ్లో సున్నపురాయి గనుల్లో కాంట్రాక్టు పని చేసే బావతో పదో నెలలోనే పెళ్లయిపోవడం చకచకా జరిగాయి. కొడుకు పెళ్లి అడ్డు రాని ఉద్యోగానికి కూతురి పెళ్లి అడ్డొస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత ఆఫీసుకు వెళ్తే గుమాస్తా అక్క మెడలో నల్లపూసలు చూసి, "షాదీ హో గయీ? అబ్ నహీ హోగా, దీదీ" అని, పెళ్లయిపోయింది గనక ఇక కుదరదంటూ ఫైలు మూసేశాడు. పెళ్లయిన కూతురు తండ్రి కుటుంబం కిందికి రాదట! బయటికొచ్చాక అక్క నన్ను పట్టుకుని, "ఏట్రా, తాళి కడితే నాన్నకి కూతుర్ని కాకుండా పోతానేట్రా?" అంది. ఢిల్లీలో రూల్సు మారుస్తున్నారట, ఈ పార్లమెంటు సమావేశాల్లో కాకపోతే వచ్చే సమావేశాల్లో అని యూనియన్లో తిరిగే మావయ్య చెబుతూనే ఉన్నాడు, అక్క రెండేళ్లు ఎదురుచూస్తూనే ఉంది. ప్రభుత్వాలు మారాయి గానీ ఆ రూలు మారలేదు. చివరికి క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసొచ్చాక దరఖాస్తు నా పేర పెట్టాం.

ఇక్కడుంది అసలు తమాషా. నాకు ఉద్యోగం ఇవ్వాలంటే నాన్న సంతానమంతా అభ్యంతరం లేదని సంతకం చెయ్యాలట. ఉద్యోగానికి కూతురు కాని మనిషి సంతకానికి మాత్రం కూతురైంది. ఆ కాగితం పట్టుకుని నేనే నందిని బస్సెక్కాను. అక్క దాన్ని రెండుసార్లు చదివి, అందులో ఉన్న టైపు తప్పు కలంతో దిద్ది, సంతకం పెట్టింది. అన్నం తిని వెళ్లమంది. బస్సుకి వేళైందని చెప్పి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ ఉద్యోగంతోనే పెళ్లాం బిడ్డల్ని సాకి, మొన్ననే రిటైరయ్యాను. ఇప్పుడు ఆడపిల్లలు హెల్మెట్లు పెట్టుకుని స్కూటీల మీద డ్యూటీలకు పోతుంటే ముచ్చటేస్తుంది, కాదనను. వార్త చదివి వినిపిద్దామని అక్క నంబరు నొక్కి, మోగేలోపే కట్ చేశాను. అరవై దాటిన మనిషికి, న్యాయం నీదేనట అక్కా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ న్యాయం రానన్నాళ్లూ ఆమె అన్నం తిన్నది నేనే కదా.