బంపరుకు పెట్టిన బొట్లు

ఆ రోజుల్లో రాయపూర్ వీధుల్లో ఖరీదైన విదేశీ కారు వెళ్తుంటే జనం ఆగి చూసేవారు. నేను మాత్రం దాని కింద వెల్లకిలా పడుకుని చూసేవాణ్ణి. డిప్లొమా చేతికొచ్చాక అలాంటి కార్లు బాగుచేసే వర్క్‌షాపులో ట్రైనీగా చేరాను. ఎయిర్ సస్పెన్షన్ కుంగిపోవడం, బ్యాటరీ నీరసించడం, ఏసీ వేడిగాలి వదలడం లాంటి మామూలు రోగాలన్నీ నాకు కంఠతా వచ్చు. (కంఠతా మాత్రమే. పానా పట్టుకుంటే నట్టుకంటే ముందు నా వేలే తిరిగేది.) మా రైల్వే క్వార్టర్లలో మాత్రం, మావాడు చెయ్యి వేస్తే చాలు కారు లేచి కూర్చుంటుందని అమ్మ ఊరంతా చెప్పుకొచ్చింది. నేనూ కాదనలేదు. ఆ వయసులో ఎవరు కాదంటారు చెప్పండి?

మా మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు ‘నహీ సార్’. సెలవడిగినా, మంచినీళ్ళడిగినా ముందు ‘నహీ’ అనేవాడు. ఒక రోజు ఆయన ఊరి పక్కనున్న ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీ ఉన్న సేఠ్‌జీ కారు తాళం నా చేతిలో పెట్టాడు. కుంగిపోయిన సస్పెన్షన్ బాగుచేయించి, తళతళలాడించి, ఇంటికి పంపుతున్న కారది. “సేఠ్‌జీ ఖుష్, తో నౌకరీ పక్కీ. నహీ తో నహీ” అన్నాడు, సేఠ్‌జీ మెచ్చితే ఉద్యోగం ఖాయం, లేకుంటే లేదని. తర్వాత నా గ్రీజు చొక్కా వైపు అసహ్యంగా చూసి, దారిలో ఇంటికెళ్ళి మంచి చొక్కా వేసుకు పొమ్మన్నాడు.

కారు క్వార్టర్ల ముందు ఆగగానే అమ్మ పసుపు, కుంకుమ పళ్ళెంతో ప్రత్యక్షం. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో కొత్త సైకిలు, కొత్త కుక్కరు కూడా బొట్టు పెట్టుకోకుండా పనిలోకి దిగలేదు. “ఏట్రా, ఇంత పెద్ద గాడీకి బొట్టు నేదేట్రా? నువ్వెళ్ళి చొక్కా మార్సుకో, నాను సూసుకుంటాను” అంది. నేను ఇస్త్రీ చొక్కాలో బయటికొచ్చేసరికి బంపరు మీద వరసగా చిక్కటి పసుపు ముద్దలు, వాటి మీద కుంకుమ. “సూడు, బొట్లెట్టడానికే గుండ్రాలెట్టాడు కంపెనీవోడు. తెలివైనోడే” అని మెచ్చుకుంది కూడా. నేనూ తలూపాను. (డిప్లొమా ఉన్న తల అది.)

కారు స్టార్ట్ చేసి గేరు వేశానో లేదో, కీ...మని ఒకటే గోల. ముందు ఏమీ లేదు, ఎదురింటి మేక కూడా తప్పుకుంది. ఆపి స్టార్ట్ చేశాను. తలుపులన్నీ తీసి మూశాను. సీటు బెల్టులు పెట్టి తీశాను. ఫ్యూజులు చూశాను, బ్యాటరీ వైరు విప్పి బిగించాను. కంఠతా వచ్చిన రోగాలన్నీ అయిపోయాయి గానీ గోల ఆగలేదు. ఈ కేకలతో సేఠ్‌జీ గేటు ముందు నిలబడితే నా ఉద్యోగం ‘నహీ’ లోకే.

ఇంతలో రైలు పెట్టెల చక్రాలు పరీక్షించే ఉద్యోగం చేసే నాన్న సుత్తి పట్టుకుని వచ్చాడు. “సక్రం మీద కొడితే రోగమేటో అదే సెప్తాది” అన్నాడు. ఆ చక్రాల మెరుగు చూసి నేను వాటికి అడ్డంగా కూర్చుండిపోయాను. పక్కింటి నర్సు అత్తయ్య (వాళ్ళది కాకినాడ) డ్యూటీ నుంచి వస్తూ ఆగి, స్టెతస్కోపు తీసి బానెట్ మీద పెట్టి శ్రద్ధగా విన్నది. “గుండె బాగానే ఉందండీ. ఇది ఏడుపే” అని తేల్చేసింది.

అమ్మకు మాత్రం అనుమానం పూజ మీదకే పోయింది. “బొట్లు వంకరగున్నాయి. అందుకే అలిగినాది” అంటూ చెంగు తడిపి బంపరంతా తుడిచేసింది. కేక ఆగిపోయింది. “సూసినావా?” అని మళ్ళీ తిన్నగా ఒక బొట్టు పెట్టింది. కీ...! తుడిచింది. నిశ్శబ్దం. అప్పటిగ్గానీ నాకు వెలగలేదు, ఆ గుండ్రాలు అడ్డం వస్తే అరిచే సెన్సార్లని! “అయ్యో వదినా, కళ్ళల్లో పసుపు పెడితే ఏ బిడ్డయినా ఏడవదా?” అంది నర్సు అత్తయ్య. అమ్మ నాలిక కరుచుకుని, బంపరును నిమిరి, “తప్పయిపోనాది తల్లీ” అంది. నేను ఒక్క ఉదుటున సేఠ్‌జీ ఇంటి వైపు పారిపోయాను.

సేఠ్‌జీ కారు చుట్టూ తిరిగి చూసి నవ్వబోతుండగా లోపల్నుంచి వాళ్ళమ్మ హారతి పళ్ళెంతో వచ్చింది. ఆ ముసలామె చూపు సరాసరి ఆ గుండ్రాల మీదే పడింది. నేను నోరు తెరిచేలోపు సిందూరం ముద్దలు పడిపోయాయి. కారును లోపలికి పెట్టబోయాడు సేఠ్‌జీ. కీ...! “క్యా బనాయా హై యే?”, ఇదేం బాగుచేయడమంటూ ఎర్రబడ్డ ముఖంతో దిగాడు. నేను ఒంగి, ఇస్త్రీ చొక్కా అంచుతోనే బంపరంతా తుడిచేసి, పెద్ద డాక్టరులా చేతులు కట్టుకున్నాను. “మాజీ, యే గాడీ కీ ఆంఖే హై. టీకా మాథే పర్ లగాయియే” అన్నాను, ఇవి కారు కళ్ళు, బొట్టు నుదుటిన పెట్టమని. ఆమె “హాయ్ రామ్!” అని చెంపలు వేసుకుని, బానెట్ మీద బొట్టు పెట్టి, కారుకు క్షమాపణ చెప్పింది. పానా ముట్టుకోకుండానే రోగం పట్టేశాడని సేఠ్‌జీ నన్ను మేనేజరుకు ఫోన్‌లో పొగిడాడు. మర్నాడు నహీ సార్ నన్ను చూసి తొలిసారి ‘నహీ’ బదులు “హా” అన్నాడు, నౌకరీ పక్కీ. వర్క్‌షాపంతా ఆ మాట వినడానికి బయటికొచ్చింది.

ఇప్పుడు అదే వర్క్‌షాపులో నహీ సార్ కుర్చీ నాది. ఏ కారు గోలపెడుతూ వచ్చినా కంప్యూటరు తగిలించేముందు బంపరు చూస్తాను. నర్సు అత్తయ్య మాట నా సొంత మాటలా చెప్పుకుని ఎంత పేరు తెచ్చుకున్నానో తలుచుకుంటే నవ్వొస్తుంది. మొన్న నేనూ ఒక కారు కొన్నాను, పాతది, చిన్నది, సెన్సారు ఒక్కటీ లేనిది. అమ్మ పళ్ళెం పట్టుకుని దాని ముందు చాలాసేపు తటపటాయించింది.

“దీనికి కళ్ళెక్కడున్నాయిరా?”

“దీనికి కళ్ళు లేవమ్మా. నీ ఇష్టం, ఎక్కడైనా పెట్టు.”

ఆమె కారును వదిలేసి, పళ్ళెంలోంచి బొట్టు తీసి నా నుదుటిన పెట్టింది.

“అయితే నువ్వే సూసుకుని నడుపు” అంది.