వెర్నెల్ బకాయి

మా తమ్ముడు వెర్నెల్‌కి యాభై ఒకటో ఏడు. రెండేళ్ళుగా వాణ్ణి పనికీ, మంగలికీ, చర్చికీ నా కారులో నేనే తిప్పుతున్నాను. కూతురి పోషణ డబ్బు కట్టలేదని వాడి లైసెన్సు ఆపేశారు. ఆ కూతురు టమియాకి ఇప్పుడు ఇరవై నాలుగు, సొంతంగా సంపాదించుకుంటోంది. బకాయి మాత్రం పంతొమ్మిది వేల డాలర్ల దగ్గర అలాగే కూచుంది.

వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు హాయిగా ఉండేది, ఒకసారి తిట్టి వదిలేసేదాన్ని. డేటన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయినప్పుడు, నెలనెలా కట్టేది తగ్గించమని కోర్టులో ఒక్క కాగితం పెట్టరా అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "పిల్లని బేరమాడినట్టుంటుందక్కా" అన్నాడు. కాగితమూ పెట్టలేదు, డబ్బూ కట్టలేదు. చేతిలో నాలుగు డాలర్లు ఆడినప్పుడల్లా పిల్లకి బూట్లు, చలికోటు, సైకిలు కొనిచ్చేవాడు. పోషణ డబ్బు వసూలు చేసే కౌంటీ ఆఫీసు ద్వారా కట్టనిదంతా కానుక కిందే లెక్కని, బకాయిలో తగ్గదని వాడికి తప్ప మా వీధిలో అందరికీ తెలుసు.

ఇప్పుడొక రొట్టెల కంపెనీవాళ్ళు వ్యాను నడిపే పనిస్తామన్నారు. సోమవారానికి లైసెన్సు చూపించాలి. అందుకని మాఫీకి అర్జీ నేనే రాసి, నేనే పెట్టాను. పిల్ల తల్లి రెనీటాకి ఫోను చేసి బతిమాలిందీ నేనే. పాపం, తను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో మధ్యాహ్నం భోజనం మానుకుని గురువారం కౌంటీ ఆఫీసుకు వచ్చింది.

అక్కడ నన్నూ, వెర్నెల్‌నీ, రెనీటానీ ఎదురుగా కూచోబెట్టుకుని గుమాస్తా మిస్ పుల్లియం కాగితాలు రెండు కుప్పలు చేసింది.

"ఆ రోజుల్లో ఈవిడ ప్రభుత్వ సాయం తీసుకున్నారు. కాబట్టి ఆ సాయానికి బదులుగా బకాయిలో పదహారు వేలు ప్రభుత్వానికి రావాలి. అది మాఫీ అయింది."

నేను వాదించడానికి వారం రోజులుగా మాటలు కూర్చుకుని వచ్చాను. అన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"మిగిలిన మూడు వేలు ఈవిడవి" అంది పుల్లియం. "వదిలేస్తానని సంతకం పెట్టినా సరే, వాయిదాలకు ఒప్పుకున్నా సరే. రెండింట్లో ఏది జరిగినా లైసెన్సు వస్తుంది. ఏదీ లేకపోతే రాదు."

"వదిలేస్తుందండీ" అన్నాను. "మాట్లాడుకున్నాం."

రెనీటా పెన్ను తీసుకుంది గానీ రాయలేదు.

"వదినా, అర్జీ రాసిందెవరు?"

"నేనే."

"నాకు ఫోను చేసింది?"

"నేనేనమ్మా, నీకు తెలీదా?"

"టమియా పుట్టినప్పుడు ఆసుపత్రికొచ్చి, వాడు రేపొస్తాడు అని చెప్పిందీ నువ్వే." వెర్నెల్ వైపు తిరిగింది. "నువ్వేమైనా అంటావా? ఎన్నేళ్ళయినా పర్లేదు, వింటాను."

వాడు నా మోచెయ్యి గోకాడు. "అక్కా, నువ్వు చెప్పవే."

యాభై ఒక్కేళ్ళ మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. బళ్ళో పంతులమ్మకి, ఫ్యాక్టరీలో మేస్త్రీకి, కోర్టులో జడ్జికి, వీడి తరఫున మాట్లాడీ మాట్లాడీ వీణ్ణి ఇలా చేసింది నేనేనని తెలిసి ఇంకా మండింది.

"నేను కారులో ఉంటాను" అని లేచాను. వాడూ సగం లేచాడు. "కూచో" అన్నాను.

పావుగంట పట్టింది. ఆ పావుగంటలో లోపలికి పోదామని మూడుసార్లు కారు తలుపు తీశాను. చివరికి వాడొచ్చి పక్క సీట్లో కూచున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"వదిలేసిందా?"

"లేదు. నెలకి వంద కడతానన్నాను, ఒప్పుకుంది. సోమవారం లైసెన్సిస్తారట."

"సంతకం పెట్టడానికొచ్చిన మనిషి చేత వాయిదాలు ఒప్పించుకొచ్చావా? ఇంతకీ ఏమంది?"

"అప్పుడెందుకు మొహం చాటేశావంది. చెప్పాను."

"ఏం చెప్పావురా?"

కిటికీలోంచి బయటికి చూశాడు.

"అది నీకు చెప్పేది కాదక్కా."

పుట్టి బుద్ధెరిగాక వాడు నా దగ్గర దాచిన మొదటి మాట అది. ఎంత కోపం వచ్చిందంటే, ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే కారు నడిపాను.