కిటికీ కింద ఆకుడొప్ప

మొన్న బొర్రా గుహలు చూసుకుని వచ్చిన టూరిస్టు బస్సొకటి మా కొండమీది పాత చర్చి దగ్గర ఆగింది. అందులో వైజాగ్ నుంచి మా చుట్టాలూ ఉన్నారు. వాళ్లకు చూపించడానికని నేనూ లోపలికి వెళ్లాను. దొరల కాలంలో కట్టిన చర్చి. కోసుగా పైకి లేచిన తోరణాలు, నిలువెత్తు రంగు గాజు కిటికీలు. ఆడపిల్లలు ఎరుపూ నీలమూ ముఖాల మీద పడేలా నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. ఏసుప్రభువు చుట్టూ పిల్లలు మూగిన ఆ కిటికీ కింద మా పిన్నికి ఏం జరిగిందో వాళ్లకేం తెలుసు!

పిన్ని అంటే మా నాన్న తమ్ముడి భార్య. తొంభైల్లో ఒక వానాకాలం జ్వరం చిన్నాన్ననూ, వెంటనే వాళ్ల ఒక్కగానొక్క కూతుర్నీ తీసుకుపోయింది. అదే జ్వరంతో పడి ఉన్న పిన్నిని ఈ చర్చి సిస్టర్లు మోయించుకుపోయి బతికించారు. ఆమె చర్చిలో కలిసిపోయింది. ఆ కిటికీలో ప్రభువు మోకాలు పట్టుకుని ఒక చిన్నపిల్ల ఉంటుంది. బంగారు జుట్టు, గులాబీ బుగ్గలు. పిన్నికి మాత్రం అది తన కూతురే. దొరలపిల్లకి మన ఇంటి చప్పిడి ముక్కు ఎలా వచ్చిందని నేను ఏడిపిస్తే, "అక్కడికెల్లేక తెల్లబడిపోనాదే" అని నవ్వేది.

కొత్త సామలు ఇంటికి వచ్చిన పండగనాడు చనిపోయిన ఒక్కొక్కరి పేరునా ఒక్కో ఆకుడొప్పలో అన్నం పెట్టడం మా ఆచారం. అది పక్షులకే. ఇంట్లోవాళ్లు తింటే తామూ చచ్చినవాళ్లలో కలిసినట్టే. ఆ ఏడు నాన్న చిన్నాన్నకు డొప్ప పెట్టాడు, పిల్లకు పెట్టలేదు. తల్లి సిలువ వేసుకున్నాక పిల్ల మన ఇంటిది కాదన్నాడు. పెళ్లయి, పండక్కి పుట్టింటికి వచ్చిన నేను గట్టిగా పోట్లాడాను. మా నాన్నది రాతిగుండె.

పిన్ని తనే వండి, డొప్ప కుట్టి, నన్ను వెంటబెట్టుకుని చర్చికి నడిచింది. అన్నాన్ని ఆ కిటికీ కింద పెట్టి మోకరించింది. చచ్చినవాళ్లకు ఆకలేస్తుందన్న నమ్మకం బాప్తిస్మం నీళ్లకు పోతుందా? ప్రార్థనకు వచ్చిన జనమంతా చూస్తుండగా, ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపే ఉపదేశి ఆ డొప్పను కాలితో తన్నాడు.

"నీ గుంట బాప్తిస్మం నేకుండా సచ్చిపోనాది. ఆ కిటికీలో ఉన్నది నీ గుంట కాదు. దానికి పరలోకంలో సోటు నేదు," అన్నాడు.

చెల్లాచెదురైన మెతుకులు కూడా పిన్ని చేతే ఏరించాడు ఆ దుర్మార్గుడు.

తిరిగి వస్తూ దారి మలుపులో పిన్ని కూర్చుండిపోయింది. మట్టి కలిసిన ఆ అన్నాన్ని ముద్దలు చేసి తినసాగింది. నాకు భయం వేసి చెయ్యి పట్టుకున్నాను.

"ఒగ్గీయే. ఎవులూ సోటియ్యకపోతే నా కడుపులోనే ఉంటాది. ముందల ఉన్నదీ అక్కడే కదా," అంది.

ఆ తర్వాత ఆమె ఊళ్లోకీ రాలేదు, చర్చికీ పోలేదు. కాఫీ తోటలో కూలి చేసుకుంటూ కొన్నేళ్లకు అక్కడి పాకలోనే పోయింది. ఊరి శ్మశానంలోనూ వద్దన్నారు, చర్చి సమాధుల దొడ్లోనూ వద్దన్నారు. తోట గట్టున పూడ్చాం.

మొన్న టూరిస్టులకు కిటికీల గురించి చెబుతున్న కుర్ర ఫాదర్ని పక్కకు పిలిచి, బాప్తిస్మం లేకుండా పోయిన పిల్లల సంగతేమిటని అడిగాను. "ఇప్పుడలా అనడం లేదమ్మా. వాళ్లూ దేవుడి ఒళ్లోనే ఉంటారు," అన్నాడు. మంచి కుర్రాడు, అతని తప్పేముంది. మా ఊళ్లో కూడా ఇప్పుడు సిలువ వేసుకున్నవాళ్ల పిల్లలకు డొప్పలు పెడుతున్నారు. కాలం అందరి మనసులూ మార్చింది. పిన్ని పోయేదాకా ఆగి మరీ మార్చింది.