ఇంక్లైన్ మూడా, పన్నెండా?

నాకు మతిమరుపు లేదని మొన్న శుక్రవారం పొద్దున్న ఐదుంబావుకి సాక్ష్యంతో సహా తేలిపోయిందండీ! ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందని మాత్రం అప్పుడే అడక్కండి.

మల్కాపురంలో మా అపార్ట్‌మెంట్ కింద చిన్న జిమ్ ఉంది. అందులో ఎలిప్టికల్ అని ఒక మెషిన్. రెండు పలకల మీద కాళ్ళు పెట్టి, పిడులు పట్టుకుని, నేల తగలకుండా నడవడమే. ఈ ఏడు సింహాచలం కొండ మెట్లదారినే ఎక్కుతానంటే మా కోడలు, "ముందు కింద జిమ్‌లో ఎక్కి చూపించండి అత్తయ్యా" అంది. సరే, చూపిద్దామని మొదలెట్టాను.

దానికి ఇంక్లైన్ అని ఒక బటన్. నొక్కితే మెషిన్ ముందు భాగం మెల్లగా పైకి లేస్తుంది. నాకెంత వింతో! సున్నా మీద నడిస్తే తొడల ముందువైపు లాగుతుంది. మూడు పెడితే పిర్రలూ తొడల వెనకా పట్టేస్తాయి. అదే మెషిన్, అవే కాళ్ళు. కాస్త ఏటవాలుకే ఎంత తేడా! వారానికో అంకె పెంచాలని నాకు నేనే నిర్ణయించుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈమధ్య రాసుకోకపోతే ఏదీ నిలవడం లేదు. స్టవ్ ఆపానో లేదోనని లిఫ్ట్ దాకా వెళ్ళి వెనక్కొస్తున్నాను. ఆ భయం ఉంది నాకు, దాచను.

మూడో వారం, సోమవారం. మూడు మీద నడిచి దిగాను. మంగళవారం ఎక్కేసరికి మోకాలు పొట్టకి తగిలినంత పనైంది! పిడులు వాటేసుకుని చూస్తే, పన్నెండు! నేనెప్పుడు పెట్టాను? బుధవారమూ అంతే. తగ్గించి నడిచి, దిగేటప్పుడు 'మూడు' అని అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. గురువారం మళ్ళీ పన్నెండు. చెయ్యి చూసుకుంటే అంకె లేదు. ముందురోజు అంట్లు తోమిన చెయ్యి కదా!

ఇంట్లో తెలిస్తే కొండ మాట దేవుడెరుగు, గుమ్మం దాటనివ్వరు. అప్పటికే ఎవరికీ చెప్పకుండా జ్ఞాపకశక్తికని సరస్వతి ఆకు లేహ్యం తెచ్చుకుని నాకుతున్నాను. ఇంకోపక్క చిన్న అనుమానం. మెషినే దానంతటది లేస్తోందేమో? పట్టుకుందామని శుక్రవారం ఆరింటికి కాక ఐదింటికే దిగాను.

చూద్దును కదా, దాని మీద మూడో అంతస్తు అప్పాయమ్మ! చేపల గంప మోసి పిల్లల్ని చదివించిన మనిషి. నెల రోజులు కూతురింట్లో ఉండి సోమవారమే వచ్చింది. చీర బిగించి దడదడా ఎక్కేస్తోంది. ఇంక్లైన్ పన్నెండు.

"పన్నెండు పెడుతున్నది నువ్వా అప్పాయమ్మా!"

"ఓలమ్మా! మూడెడతన్నది నువ్వేటక్కా! నాను పన్నెండు మీద దిగుతన్నాను, తెల్లారి సూస్తే మూడు. మర్సిపోతన్నానని బెంగెట్టీసుకున్నాను. మా కోడలు లేగ్యం కూడా తెచ్చినాది."

"సరస్వతి ఆకుదేనా?"

"అదే! ఒట్టి సేదు!"

"అయినా పన్నెండేమిటే, కాళ్ళు విరగవూ?"

"గంపెత్తుకుని గట్లెక్కిన కాళ్ళక్కా ఇవి. సదునుగా ఉంటే నడిసినట్టే ఉండదు. మూడంటే నడకేటి, ఉయ్యాల!"

ఇద్దరం పిడులు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఇంటికొస్తూనే లేహ్యం డబ్బా చెత్తబుట్టలో పడేశాను. "నా జ్ఞాపకశక్తి నిక్షేపంలా ఉందమ్మాయ్!" అన్నాను. ఎందుకో తెలియకపోయినా మా కోడలు "చాలా సంతోషం అత్తయ్యా" అంది.

ఇంత సంగతి కనిపెట్టాక రాసుకోవద్దూ? నోట్‌బుక్ తెరిచాను. మొదటి పేజీలో, మూడు వారాల కిందటి తేదీతో, ఇలా ఉంది:

'జిమ్ సంగతులు. మెషిన్ ముందు వాళ్ళు వదిలిన ఎత్తులోనే ఉండిపోతుంది. ఎక్కే ముందు చూసుకోవాలి. అప్పాయమ్మ ఊరి నుంచి వచ్చాక మళ్ళీ రోజూ ఐదింటికి పన్నెండు మీద చేస్తుందట. జాగ్రత్త!'

కింద రెండు ఎర్ర గీతలు. చేతిరాత నాదే.

కోడలు వంటింట్లోంచి వెళ్ళేదాకా ఆగి, చెత్తబుట్టలోంచి డబ్బా తీసుకున్నాను. మూత గట్టిగానే పెట్టి పడేశాను లెండి. ఆ మాత్రం జాగ్రత్త ఉంది నాకు.