పాలు పిండే చీర

రండి, ఇట్లా నా పక్కకు జరిగి కూచోండి. చేతిలో పనుంటే పట్టుకునే రండి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. కొట్టంలో పుట్టి కొట్టంలో పెరిగినదాన్ని, ఆ కొట్టం సంగతే చెప్తాను. సంతోషపడే కథ మాత్రం కాదు, ముందే చెప్తున్నాను.

పట్నం బయట, అత్వెల్లి ఊరు దాటాక రోడ్డుకు కాస్త లోపల మా బర్రెల కొట్టం ఉండేది. జాగా వేరేవాళ్లది, కిరాయికి తీసుకున్నాం. పైన రేకులు, చుట్టూ రాళ్ల గోడ, ఒక పక్కన మేం ఉండే గది. గదికీ కొట్టానికీ మధ్య సగం ఎత్తు గోడే. మంచంలో పడుకుంటే బర్రెలు నెమరు వేసే చప్పుడు వినిపించేది. పెండ వాసన మాకు వాసనే కాదు. బడిలో పక్క పిల్ల ముక్కు మూసుకుని దూరం జరిగితే గాని, మా ఒంటికి ఒక వాసన ఉందని నాకు తెలియలేదు.

పాలు పిండేది అమ్మ. యాప్రాల్ కాలనీలకు మోసుకుపోయి పోసొచ్చేది నాయిన. అమ్మకు పాలు పిండడానికని ఒక చీర ఉండేది. ఒకప్పుడు ఆకుపచ్చదట, నాకు తెలిసేసరికి ఏ రంగూ లేదు. కొట్టంలో గుంజకు కొట్టిన మేకుకే వేలాడేది. ఒంటి మీద ఉన్న చీర పైనే దాన్ని చుట్టుకుని బర్రె కింద కూచునేది. దాన్ని ఎప్పుడూ ఉతికేది కాదు, ఉతకకూడదు కూడా. పాలు, తవుడు, పెండ, అమ్మ చెమట, అన్నీ కలిసిన ఆ వాసన తగిలితేనే బర్రె చేపుకొచ్చేది. చేపడమంటే పొదుగులోకి పాలు దిగడం. అది మనం గుంజితే వచ్చేది కాదు, దాని మనసుకు రావాలి. కొత్త మనిషి చెయ్యి వేస్తే పాలన్నీ పైకి లాగేసుకుంటుంది.

ఒక వానాకాలం అమ్మకు కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగించారు, తగ్గలేదు. పట్నంలో దవాఖానలో చేర్చారు, అమ్మమ్మ తోడుంది. దవాఖాన ఖర్చుకని బర్రెలు ఒక్కొక్కటే కొట్టం దాటిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. నెత్తి మీద తెల్లచుక్క ఉన్న బర్రె, అమ్మ దూడప్పటి నుంచి పెంచింది.

"ఇది పాలిచ్చినన్ని దినాలే మనం ఈడుంటం బిడ్డా," అన్నాడు నాయిన. "ఇది గూడ ఎండితే జాగా ఇడిసిపెట్టి కంపెనీల పనికి పోవుడే."

కానీ అది నాయినను దగ్గరికి రానిచ్చేది కాదు. రెండుసార్లు తన్నించుకున్నాక, ఆయన మేకు మీదున్న అమ్మ చీర తీసి లుంగీ మీద చుట్టుకుని, కొంగు నెత్తిమీదుగా వేసుకుని కూచున్నాడు. బర్రె మెడ తిప్పి వాసన చూసింది. ఒక్క నిట్టూర్పు విడిచింది. పొదుగు నిండింది.

అప్పుడే పక్క పొలం మామ, అంటే అమ్మకు వరుసకు తమ్ముడు, గడ్డిమోపుతో లోపలికొచ్చి చూసి మోపు కింద పడేశాడు.

"ఏం బావా, కొప్పుకు పూలు తెమ్మంటవా?"

"తే బామ్మర్దీ. పూల వాసనకు బర్రె నిన్ను తంతది, నాకేంబోయె?"

"గాజులు గూడ ఏస్కో, ఇంగ మంచిగిస్తది పాలు!"

అందరం నవ్వాం. నాయిన దవాఖానకు పోయి అమ్మకు చెప్తే, పచ్చబడిన కళ్లతో అమ్మ కూడా నవ్విందట. "కుచ్చిళ్లు సక్కగ పెట్టుకో, కాళ్లకు తట్టుకుంటవ్," అన్నదట.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నాయిన పిండుతుండేవాడు. గడప దగ్గర నిలబడితే వెనక నుంచి ఆ కొంగు, ఆ వంగిన వీపు. తెలిసి కూడా రోజూ ఒక్క క్షణం అమ్మ వచ్చిందనుకునేదాన్ని. ఆయన దగ్గితే గాని నాయినని గుర్తొచ్చేది కాదు.

అమ్మ రాలేదు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు, రోడ్డు మీది ఎస్టీడీ డబ్బాకు ఫోనొచ్చింది. డబ్బా ఆయన పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి, నాయిన ఎక్కడున్నాడని అడిగాడు. ఆ అడగడంతోనే నాకు అర్థమైంది.

అమ్మను సాగనంపిన రోజు కూడా నాయిన ఆ చీర చుట్టుకునే పాలు పిండాడు. ఏడుస్తూ పిండాడు. బర్రె కదలకుండా నిలబడింది.

మమ్మల్ని చూసుకోవడానికి శామీర్‌పేట దగ్గరి ఊరి నుంచి మా అవ్వ వచ్చింది, నాయిన తల్లి. నాగలి పట్టిన ఇల్లు వాళ్లది, పాడి తెలియదు. కర్మ రోజున నాయిన మగవాళ్లతో చెరువుకు పోయాడు. ఇంటికి మైల పోవాలంటే గుడ్డపీలిక మిగలకుండా ఉతకాలి కదా. అవ్వ కాగులో నీళ్లు మరిగించి సోడా వేసి అన్నీ నానబెట్టింది. కొడుకు పాపం మురికి చీర కట్టుకుని కూచుంటున్నాడని, మేకు మీది చీర కూడా తీసి బండకు బాది ఉతికింది. ఆరాక కొట్టమంతా ఊదు వేసి, ఆ పొగ పట్టించి, నాలుగు మడతలు పెట్టి మళ్లీ అదే మేకుకు తగిలించింది. నేను అమ్మమ్మ ఒళ్లో పడి నిద్రపోయాను. లేచేసరికి అంతా అయిపోయింది.

సాయంత్రం నాయిన చీర విప్పి చుట్టుకున్నాడు. బర్రె మెడ తిప్పింది, వాసన చూసింది, ముక్కు చీదింది. ఆయన చెయ్యి పొదుగు మీద పడగానే తన్నింది. బకెట్ దొర్లి గోడకు తగిలింది.

నాయిన లేచి కొంగు ముఖానికి ఆనించుకున్నాడు. నేనూ పోయి వాసన చూశాను. ఊదు, సోడా. ఇంకేం లేదు. మా అమ్మ ఇంట్లో నుంచి పోయింది ఆ రోజే.

"ఏమైంది కొడకా? గట్లున్నవేంది?" అంది అవ్వ.

"ఏంలేదవ్వా."

"సీర మంచిగ ఉతికిన గద?"

"మంచిగనే ఉతికినవ్."

మామ నోరు ఆపుకోలేక అసలు సంగతి చెప్పేశాడు. అవ్వ కింద కూలబడి రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా చేతులిరగ! కోడలి వాసన కడిగిపారేస్తినా నేను!"

"నీకేమెరుకనే, మైల కడిగినవ్," అని నాయిన ఆమె చేతులు పట్టుకున్నాడు. అప్పటి నుంచి బతికినన్నాళ్లూ అవ్వ నా లంగా ఉతకాలన్నా, "దీన్ని ఉతకనా బిడ్డా, ఉతకొద్దా?" అని అడిగేది.

బెల్లం పెట్టాం, దాని దూడను పొదుగుకు వదిలాం, తవుడు పెంచాం, అయినా పాలు దిగలేదు. పశువుల డాక్టరు చూసి రోగమేం లేదన్నాడు. ఒకరోజు నేను గోడ చాటున నిలబడి అమ్మ గొంతు తెచ్చుకుని పిలిచాను, "దావే నా తల్లీ, దా, దా!" అమ్మ అట్లాగే పిలిచేది. బర్రె చెవులు నిక్కబొడిచింది. గడప వైపు చూసింది. పాలు దిగడం మొదలైంది కూడా. నేను గోడ పక్క నుంచి బయటికి రాగానే నన్ను చూసి, నన్ను దాటి గడపనే చూస్తూ ఉండిపోయింది. దిగిన పాలు ఆగిపోయాయి. మర్నాడు పిలిచినా అంతే.

"సూది ఏద్దాం బావా. నిమిషంల దిగుతై. అందరేస్తున్నరు," అన్నాడు మామ.

"దానికి రోగం గాదురా. మనిషిని ఎతుక్కుంటాంది."

కానీ వేరే దారి లేక వేయించాడు. పాలు దిగాయి. బర్రె ఒళ్లంతా వణికింది. కొన్నాళ్లకు సూది డబ్బా మూత చప్పుడు వింటేనే గోడకు ఒదిగిపోయేది. నాయిన దాని కళ్లలోకి చూడకుండా పిండేవాడు. ఒకరోజు డబ్బా తీసి పెండకుప్పలో పారేశాడు. బర్రె ఎండిపోయింది.

కొనేవాడు వచ్చాడు. ఎక్కడికి తోలుకుపోతావని మేం అడగలేదు, అతనూ చెప్పలేదు. అతను పలుపు అందుకోగానే బర్రె మొరాయించకుండా నడిచింది. అది రోడ్డెక్కుతుంటే నేను నాయిన చెయ్యి పట్టి లాగాను.

"నాయినా, అమ్మలెక్క పిలువనా?"

"వద్దు బిడ్డా. తిరిగి సూసిందంటే నేను పంపలేను."

నేను పిలవలేదు. అది తిరిగి చూడలేదు. మలుపు తిరిగేదాకా ఇద్దరం నిలబడ్డాం. ఆ నెలలోనే సామాన్లు ఆటోలో వేసుకుని గాజులరామారంలో ఒక గదికి పోయాం. నాయిన కంపెనీ గేటు దగ్గర కూచునే పనికి కుదిరాడు. ఆ తర్వాత ఆయన చేత్తో పశువును నిమరడం నేను చూడలేదు.

ఇంతే నా కథ. ఓపికగా విన్నారు, మీ కడుపు చల్లగుండాలి. మీ ఇంట్లో పొద్దున పోయినవాళ్లు పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలి. మీ పిల్లలు పిలిస్తే పలికే గొంతు ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.